పెట్రోలు కారుకి స్పార్క్ ప్లగ్గులు: ఏవి కొనాలి, మన చేత్తో ఎలా మార్చుకోవాలి

పెట్రోలు కారు ఉన్నవాళ్లకే ఈ పాఠం. సీఎన్‌జీ కిట్టు ఉన్నవాళ్లూ ఇందులోకే వస్తారు. డీజిల్ బండికి స్పార్క్ ప్లగ్గులుండవు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది; అక్కడుండే గ్లో ప్లగ్గు చలి పొద్దుట డీజిల్ మండే గదిని కాస్త వెచ్చబెట్టడానికి మాత్రమే. ముందే ఎందుకు చెబుతున్నానంటే, మా వీధిలో ఒకాయన తన డీజిల్ కారుకి ప్లగ్గులు మారుద్దామని బానెట్ ఎత్తి అరగంట వెతికాడు.

నేనుండేది విజయనగరంలో, పని బడిపంతులుది, బండి నాలుగు సిలిండర్ల చిన్న పెట్రోలు కారు. ఒక ఆదివారం అరసవల్లి వెళ్తున్నాం. నాతవలస దగ్గర హైవే ఎక్కి, రణస్థలం దాకా బాగానే వచ్చి, అక్కడ లారీని దాటదామని యాక్సిలరేటర్ నొక్కేసరికి బండి ఎవరో వెనక నుంచి చొక్కా పట్టి లాగినట్టు జెర్కులిచ్చింది. దర్శనం ఆలస్యమవుతుందని ఇంట్లోవాళ్ల కంగారు, ఇంజన్ పోయిందేమోనని నా కంగారు. తీరా చూస్తే అరిగిపోయిన ఒక్క ప్లగ్గు. అప్పటి నుంచి నేనే మార్చుకుంటున్నాను. మొదటిసారి పాడు కూడా చేశాను. ఆ సంగతి బిగించే చోట చెబుతాను.

తప్పు ప్లగ్గుదేనా?

ప్లగ్గు అరిగితే ముందు పికప్ తగ్గుతుంది. పొద్దున్నే సెల్ఫ్ రెండుమూడుసార్లు కొట్టాలి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు స్టీరింగ్ సన్నగా వణుకుతుంది. ఎత్తెక్కేటప్పుడు, ఏసీ వేసినప్పుడు మిస్సింగ్ వస్తుంది, అంటే ఏదో ఒక సిలిండర్లో పెట్రోలు అంటుకోకుండా పోతుంది. మైలేజీ కూడా తగ్గుతుంది గాని, అది మెల్లగా తగ్గేది కాబట్టి మనం పెట్రోలు బంకువాడి మీద అనుమానపడతాం.

ఇవే లక్షణాలు ప్లగ్గుకి కరెంటు పంపే ఇగ్నిషన్ కాయిల్ పాడైనా వస్తాయి. ఇప్పటి కార్లలో చాలావాటికి ప్రతి ప్లగ్గు నెత్తినా ఒక కాయిల్ ఉంటుంది. ఏది తప్పో తేల్చుకోవడానికి చవకైన ఉపాయం ఉంది. కారు కంప్యూటర్లో నమోదైన తప్పుల్ని చదివే స్కానర్ పెడితే పీ0301, పీ0302 లాంటి కోడ్ వస్తుంది. చివరి అంకె ఏ సిలిండర్ మిస్సవుతోందో చెబుతుంది. ఒకటో సిలిండర్ అని వచ్చిందనుకోండి, దాని మీది కాయిల్ తీసి రెండో దాని మీద, రెండో దానిది ఒకటి మీద పెట్టి కాసేపు నడపండి. ఈసారి కోడ్ పీ0302 అయితే దోషం కాయిల్‌తో పాటు నడిచి వెళ్లిందన్నమాట, కాయిలే మార్చాలి. కోడ్ ఒకటో సిలిండర్లోనే ఉండిపోతే ప్లగ్గు చూడండి. ప్లగ్గూ బాగుంటే ఇంజెక్టరు, కంప్రెషను. అక్కడి నుంచి మేస్త్రి పని.

చెక్ ఇంజన్ లైటు వెలిగి ఊరుకోకుండా టిప్పుటిప్పుమని ఆరుతూ వెలుగుతుంటే మాత్రం బండి తోలుకుంటూ తిరగకండి. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్లోకి పోయి అక్కడ మండుతుంది. దాన్ని మార్చాలంటే అయ్యే ఖర్చు ముందు ప్లగ్గుల ఖర్చు ఏ మూలకీ రాదు.

లక్షణాలేవీ లేకపోయినా కిలోమీటర్ల లెక్క ఒకటుంటుంది. మామూలు నికెల్ ప్లగ్గు దాదాపు 30 నుంచి 40 వేల కి.మీ.కి, ఇరిడియం, ప్లాటినం రకాలు 80 వేల నుంచి లక్ష దాకా వస్తాయి. మీ బండికి ఎంతన్నది కారుతో ఇచ్చిన పుస్తకంలో సర్వీసు పట్టికలో ఉంటుంది, అదే ప్రమాణం. సీఎన్‌జీ మీద నడిపేవాళ్లు ఇంకా ముందే మార్చాలి. గ్యాసుని అంటించడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి, అందువల్ల ప్లగ్గు తొందరగా అరుగుతుంది.

ఏ ప్లగ్గు కొనాలి

ప్లగ్గు చేసే పని చూడ్డానికి చిన్నదే. నడిమి కడ్డీకీ, పక్క నుంచి వంగి ఉండే కొక్కేనికీ మధ్య సుమారు ఒక మిల్లీమీటరు ఖాళీ. కాయిల్ నుంచి వేల వోల్టుల కరెంటు వచ్చి ఆ ఖాళీని దూకుతుంది, ఆ నిప్పురవ్వకి పెట్రోలు గాలి అంటుకుంటుంది. దూకిన ప్రతిసారీ లోహం రవ్వంత తరుగుతుంది. తరిగేకొద్దీ ఖాళీ పెరుగుతుంది, దూకడానికి ఇంకా ఎక్కువ వోల్టేజీ కావాలి, ఆ భారం కాయిల్ మీద పడుతుంది. పాత ప్లగ్గుల్ని లాగించి లాగించి కాయిల్ కాల్చుకున్నవాళ్లు మా స్టాఫ్‌రూములోనే ఇద్దరున్నారు.

షాపుకి వెళ్లి కారు పేరు చెప్పి "ప్లగ్గులివ్వండి" అంటే చాలదు. ఒకే పేరుతో వచ్చిన కారుకి ఏళ్లు మారేకొద్దీ ఇంజన్లు మారి ఉంటాయి. పుస్తకంలో ఉన్న ప్లగ్గు నంబరు రాసుకుని వెళ్లండి. పుస్తకం పోతే, ఇప్పుడున్న ప్లగ్గు విప్పి దాని పింగాణీ మీది నంబరు చూడండి. అయితే ముందు కొన్నాయన సరైనదే బిగించాడని నమ్మకం ఏమీ లేదు, రెండో చేతి బండైతే మరీనూ. ఎన్ని కావాలో కూడా లెక్క చూసుకోండి. సిలిండరుకి ఒకటి మామూలు లెక్క. కాని 2003 తర్వాత వచ్చిన హోండా సిటీ ఐ-డీఎస్ఐ లాంటి బండికి సిలిండరుకి రెండేసి, మొత్తం ఎనిమిది.

నంబరు చదవడం వస్తే షాపువాడు "ఇది కూడా పడుతుంది సార్" అన్నప్పుడు మనకి గుండె దడ ఉండదు. ఎన్‌జీకే అనే ప్లగ్గుల కంపెనీ వారి బీపీఆర్6ఈఎస్ తీసుకుందాం. బీ అంటే మర, అంటే ప్లగ్గు ఇంజన్లోకి తిరిగి ఎక్కే చుట్ల భాగం, దాని వ్యాసం 14 మి.మీ. పీ అంటే పింగాణీ ముక్కు బయటికి పొడుచుకొచ్చిన రకం. ఆర్ అంటే లోపల రెసిస్టర్ ఉంది. 6 వేడి అంకె, దాని సంగతి కింద చెబుతాను. ఈ అంటే మర పొడవు 19 మి.మీ. ఎస్ నడిమి కడ్డీ రకం. చివర అడ్డగీత పెట్టి 11 అని ఉంటే ఖాళీ 1.1 మి.మీ. అని. బీకేఆర్ అని మొదలైతే మర అదే, తల చిన్నది. దానికి 16 మి.మీ. పానా పడుతుంది, బీపీఆర్‌కి 21. డెన్సో వారి కే20పీఆర్-యూ11లో 20 వేడి అంకె, చివరి 11 ఖాళీ.

ఆ అక్షరాల్లో ఆర్‌ని చిన్నచూపు చూడకండి. రెసిస్టర్ లేని ప్లగ్గు వేస్తే రేడియోలో గరగర వినిపించడం ఒక్కటే కాదు, ఇంజన్ కంప్యూటర్‌కి వెళ్లే సంకేతాల్లో కూడా గందరగోళం రావచ్చు.

మర పొడవు తప్పితే నష్టం వెంటనే. పొడవు ఎక్కువైతే పిస్టన్‌కో వాల్వుకో తగులుతుంది. తక్కువైతే సిలిండర్ల నెత్తిన ఉండే హెడ్‌లో మిగిలిన మరల్లో మసి గడ్డకట్టి, రేపు సరైన ప్లగ్గు తెచ్చినా ఎక్కదు. కొత్తదాన్నీ పాతదాన్నీ పక్కపక్కన నిలబెట్టి చూడండి. మర పొడవు, తల, ముక్కు మూడూ ఒకేలా ఉండాలి.

ఇక వేడి అంకె. జనం ఎక్కువ పొరబడేది ఇక్కడే. "వేడి ప్లగ్గు" అంటే పెద్ద నిప్పురవ్వ ఇచ్చేది అనుకుంటారు. నిప్పుకీ దానికీ సంబంధం లేదు. ప్లగ్గు ముక్కుకి తగిలిన వేడి ఎంత త్వరగా హెడ్‌లోకి దిగిపోతుందన్నదే ఆ అంకె. పింగాణీ ముక్కు పొడవుగా ఉంటే వేడి పోవడానికి దారి దూరం, ముక్కు వేడిగా ఉండిపోతుంది; అది వేడి ప్లగ్గు. ముక్కు పొట్టిగా ఉంటే వేడి గబుక్కున దిగిపోతుంది. అది చల్ల ప్లగ్గు. ముక్కు 450, 500 డిగ్రీల సెల్సియస్ పైన ఉంటేనే దాని మీది మసి దానంతటది కాలిపోతుంది. 800 దాటితే నిప్పురవ్వ రాకముందే ఆ ముక్కే పెట్రోలుని అంటించేస్తుంది, పిస్టన్‌కి ఎసరు. ఈ రెండు గట్ల మధ్య నడవాలి.

మా ఊళ్లో నా వాడకం చూడండి. కోట దగ్గర నుంచి కంటోన్మెంటు దాకా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఇంజన్ వేడెక్కేలోపు బడి వచ్చేస్తుంది. ఇలాంటి బండిలో ప్లగ్గులకి మసి పడుతుంది. అదే నలుగురినీ సామాన్లనీ ఎక్కించుకుని వేసవిలో సాలూరు ఘాటీ ఎక్కి ఒడిశా వైపు పోయే బండిలో ముక్కు బాగా కాలుతుంది. అలాగని నేను వేడి ప్లగ్గూ, ఆ ఘాటీ ఎక్కేవాళ్లు చల్ల ప్లగ్గూ వేసుకోవాలా? అక్కర్లేదు. కంపెనీ ఈ రెండు వాడకాలనీ లెక్కలో పెట్టుకునే అంకె ఇచ్చింది. మసికి మందు వారానికోసారి విశాఖ దాకా ఆ అరవై కిలోమీటర్లు హాయిగా తోలి రావడం. అంకె మార్చకండి.

కంపెనీ మారితే అంకెల దిశ కూడా మారుతుంది. ఎన్‌జీకే, డెన్సోల్లో అంకె పెరిగేకొద్దీ ప్లగ్గు చల్లన. బాష్, ఛాంపియన్లలో అంకె పెరిగేకొద్దీ వేడి. ఎన్‌జీకే 6 అంటే డెన్సోలో 20, బాష్‌లో సుమారు 7. "ఆరు లేదు సార్, ఏడుంది, దగ్గరదే కదా" అంటే ఏ కంపెనీ ఏడో అడగాలి. పెద్ద మేస్త్రులు ఇప్పటికీ "మైకో ప్లగ్గు" అంటారు, కంగారుపడకండి. బెంగళూరు మైకో కంపెనీయే 2008లో బాష్ లిమిటెడ్‌గా పేరు మార్చుకుంది.

లోహం సంగతి త్వరగా చెప్పేస్తాను. షాపులో "కాపర్ ప్లగ్గు" అనేది నిజానికి నికెల్ ప్లగ్గే. రాగి లోపల ఉంటుంది, కొనలో ఉండేది నికెల్ మిశ్రమం. చవక, తొందరగా అరుగుతుంది. ఇరిడియం గట్టి లోహం కాబట్టి కొనని 0.6 మి.మీ., కొన్ని డెన్సో రకాల్లో 0.4 మి.మీ. దాకా సన్నం చేయగలిగారు. సన్నటి కొన నుంచి తక్కువ వోల్టేజీకే నిప్పు దూకుతుంది, కాయిల్‌కి హాయి. కాని ధర చాలా రెట్లు. నా అభిప్రాయం ఇది: కంపెనీ ఇరిడియం ఇస్తే ఇరిడియమే వేయండి, నికెల్‌కి దిగకండి. కంపెనీ నికెల్ ఇచ్చి, మీరు ఏడాదికి 8 వేల కి.మీ. కూడా తిరగకపోతే నికెల్ చాలు. ఇరిడియం వేస్తే బండి ఎగిరి దూకుతుందని ఆశపడి కొనకండి. ఇంజన్ బాగున్న బండిలో ఆ తేడా చేతికి తెలియదు. ప్లగ్గు దాకా చెయ్యి చేరడమే కష్టమైన బండికి మాత్రం, పదేపదే విప్పే బాధ తప్పుతుంది కాబట్టి, ఎక్కువ కాలం వచ్చే రకం తీసుకోవడం తెలివైన పని.

నకిలీలు బజార్లో ఉన్నాయి, ముఖ్యంగా పేరున్న కంపెనీలవి. డబ్బా చూసి మోసపోతాం, ప్లగ్గు చూడండి. మర కింద వాషరు అసలుదానిలో కదులుతుంది గాని సులువుగా ఊడి రాదు. నకిలీదానిలో నట్టు తిప్పినట్టు తిప్పితే చేతిలోకి వచ్చేస్తుంది. పింగాణీ మీది అక్షరాలు గోటితో గీకితే పోకూడదు. కొక్కెం సరిగ్గా నడిమి కడ్డీ నెత్తిన ఉండాలి, పక్కకి ఒరిగి ఉండకూడదు. జీఎస్టీ బిల్లు అడిగితే మొహం మాడ్చుకునే చోట ప్లగ్గులు కొనకండి.

సామాన్లు

16 మి.మీ. ప్లగ్గు సాకెట్, లోపల రబ్బరో అయస్కాంతమో ఉన్నది. తల పెద్దదైన బీపీఆర్ రకమైతే 21 మి.మీ.ది. కొన్ని కొత్త ఇంజన్లకి 14 మి.మీ. పల్చటి సాకెట్ కావాలి. పాత స్కూటరు డిక్కీలోని గొట్టం పానా 21 మి.మీ.ది, చిన్న తల ప్లగ్గుకి పనికిరాదు. రాచెట్, ఆరు నుంచి పది అంగుళాల ఎక్స్‌టెన్షన్, కాయిల్ బోల్టులకి సాధారణంగా 10 మి.మీ. సాకెట్, ఖాళీ కొలిచే సన్నటి రేకుల ఫీలర్ గేజ్, జేబు టార్చి, పాత గుడ్డలు, సైకిలు పంపు, జానెడు రబ్బరు గొట్టం. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే టార్క్ రెంచ్ ఉంటే మంచిది. లేకపోయినా దారి ఉంది.

విప్పడం

1. ఇంజన్ చల్లారాలి. ఇప్పటి హెడ్‌లన్నీ దాదాపు అల్యూమినియమే. వేడి మీద విప్పితే మెత్తబడిన మర ప్లగ్గుతోపాటు ఊడొస్తుంది. నేను రాత్రి బండి పెట్టేసి పొద్దున్న ఆరింటికి కాఫీ తాగి మొదలుపెడతాను.

2. తాళంచెవి తీసేయండి. బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పండి. కొన్ని స్టీరియోలు మళ్లీ కోడ్ అడుగుతాయి, అది ముందే దగ్గర పెట్టుకోండి.

3. ఇంజన్ మీది ప్లాస్టిక్ మూత తీయండి. కొన్ని కార్లలో ఎయిర్ ఫిల్టర్ డబ్బా కూడా ఇంజన్ నెత్తినే కూర్చుంటుంది, అదీ పక్కకి జరపాలి. తెరిచి ఉన్న గాలి గొట్టానికి గుడ్డ కుక్కండి, అందులోకి ఒక్క నట్టు పడినా పండగే. విప్పే ముందు ఫోనుతో ఫొటో తీయండి. ఇందులో నామోషీ ఏమీ లేదు.

4. కాయిల్ కనెక్టర్ లాక్ నొక్కి లాగండి. పదేళ్ల బండిలో ఈ ప్లాస్టిక్ లాక్ అప్పడంలా ఉంటుంది, వైరు పట్టుకుని గుంజితే ఫటుక్కుమంటుంది. బోల్టు తీసి, కాయిల్‌ని అటూ ఇటూ కాస్త తిప్పుతూ నిటారుగా పైకి లాగండి. పాత తరహా ఇంజన్లో కాయిల్ బదులు లావుపాటి వైరుంటే, రబ్బరు టోపీ పట్టుకుని లాగండి. వైర్లన్నీ ఒకేసారి పీకకండి. వరస మారిందంటే బండి స్టార్టవదు, ఒకవేళ స్టార్టయినా దగ్గుతుంది. ఒక ప్లగ్గు పూర్తిగా అయ్యాకే రెండోదాని జోలికి పోండి.

5. ప్లగ్గు కూర్చున్న గుంత శుభ్రం చేయండి. ఇది మానేసేవాళ్లే ఎక్కువ, నాకు ఇదే ముఖ్యమనిపిస్తుంది. ధాన్యం బస్తాల పక్కన పెట్టిన కారులో ప్లగ్గు గుంతల నిండా ఊక, ఎలకల పెంటికలు చూశాను. వేపచెట్టు కింద పెడితే ఆకు ఈనెలు. ప్లగ్గు విప్పితే అదంతా నేరుగా సిలిండర్లో పడుతుంది. ముందు టార్చి వేసి చూడండి, పంపుతో గాలి కొట్టండి. తర్వాత ప్లగ్గుని పావు చుట్టు మాత్రం వదులు చేసి, మళ్లీ గాలి కొట్టండి. అప్పుడు పూర్తిగా విప్పండి. కళ్లజోడు పెట్టుకోండి, ఆ దుమ్ము మొహం మీదికే వస్తుంది.

గుంతలో నూనె కనిపిస్తే ఇంజన్ నెత్తిన ఉండే టాపెట్ కవర్ కింది సీళ్లు పోయాయన్నమాట. గుడ్డతో పీల్చి పని కానివ్వండి, కాని సీళ్లు మార్పించకపోతే కాయిల్ రబ్బరు ఆ నూనెకి ఉబ్బి పాడవుతుంది. నీళ్లుంటే ఎవరో ప్రెషర్ గన్నుతో ఇంజన్ కడిగారని అర్థం.

6. ప్లగ్గు మొరాయిస్తే బలం చూపకండి. కళింగపట్నం, భావనపాడు వైపు సముద్రపు గాలిలో ఉండే బండ్లకి ఈ బాధ ఎక్కువ, ప్లగ్గు తల తుప్పు పట్టి ఉంటుంది. తుప్పు వదిలించే నూనె నాలుగు చుక్కలు వేసి గంటాగండి. పావు చుట్టు విప్పి, మళ్లీ సగం బిగించి, మళ్లీ విప్పండి. కీచుమంటున్నంతసేపూ ఇదే ఆట. అయినా రాకపోతే మేస్త్రికి అప్పగించడం ఓటమేమీ కాదు.

పాత ప్లగ్గు చెప్పే కబుర్లు

విప్పిన ప్లగ్గుల్ని ఏ సిలిండర్‌ది ఆ వరసలోనే కాగితం మీద పేర్చండి. మొప్పలు తీసి చేప తాజాదో కాదో చూసినట్టు ముక్కు చూస్తే ఇంజన్ ఆరోగ్యం తెలుస్తుంది.

లేత గోధుమ రంగో, బూడిద రంగో ఉంటే ఇంజన్ బాగున్నట్టు. అలా ఉండి కడ్డీ అంచులు గుండ్రంగా అరిగిపోతే వయసైపోయిందంతే, కొత్తవి వేయండి.

ఎండు మసి, వేలితో రాస్తే కాటుకలా అంటుకునేది, గాలి చాలక పెట్రోలు ఎక్కువవుతోందని చెబుతుంది. ముందు ఎయిర్ ఫిల్టర్ చూడండి. అది బాగుంటే నాలా చిన్న దూరాలే తిరుగుతున్నారేమో చూసుకోండి. ఆ రెండూ కాకపోతే సెన్సర్ల వైపు వెళ్లాలి.

నల్లగా, జిడ్డుగా, తడిగా ఉంటే ఇంజన్ ఆయిల్ లోపలికి వస్తోంది. పిస్టన్ రింగులో, వాల్వు సీళ్లో అరిగాయి. నాలుగింటిలో ఒక్కటే ఇలా ఉంటే ఆ సిలిండర్‌కే జబ్బు. కొత్త ప్లగ్గు వేస్తే కొన్నాళ్లు బాగుంటుంది, మళ్లీ ఇదే కథ. పెట్రోలు వాసనతో తడిగా ఉంటే నిప్పే రావడం లేదు, కాయిల్ అనుమానించండి.

పింగాణీ సున్నం కొట్టినట్టు తెల్లగా, బుడిపెలు లేచి ఉంటే ఎక్కువ కాలుతోంది. తప్పు అంకె ప్లగ్గు కావచ్చు, వదులుగా బిగించింది కావచ్చు, ఇంజన్ వేడెక్కుతూ ఉండొచ్చు. రేడియేటర్ నీళ్లు చూసుకోకుండా ఆ బండిని ఊరు దాటించకండి.

ఒకదానికి మాత్రం భయపడొద్దు. పింగాణీ బయటివైపు, లోహం దగ్గర గోధుమ రంగు చార ఉంటే "గ్యాస్ లీకవుతోంది" అంటారు కొందరు. ఎక్కువ వోల్టేజీ చుట్టూ గాలిలోని నూనె రేణువులు అక్కడ అంటుకుని పట్టిన మరక అది. దానివల్ల నష్టం లేదు. పింగాణీ మీద పెన్సిలు గీతలా సన్నటి నల్ల చార నిలువుగా ఉంటే మాత్రం కరెంటు పక్కదారి పట్టింది. కాయిల్ రబ్బరు లోపల కూడా అలాంటి గీతే ఉంటుంది, అదీ మార్చండి.

పాతవి గరుకు కాగితంతో గీకి మళ్లీ వేయడం స్కూటర్ల కాలం అలవాటు. మా నాన్నగారు ప్లగ్గుని స్టవ్ మీద కాల్చి మరీ బిగించేవారు, బండి నడిచేది కూడా. ఆయిల్ కలిపిన పెట్రోలు తాగే టూస్ట్రోక్ బండికి అది చెల్లింది. కారులో గీకితే గరుకు పొడి పింగాణీ సందులో ఉండిపోతుంది, ఇరిడియం కొనైతే విరిగి ఊరుకుంటుంది.

ఖాళీ చూసుకోవడం

డబ్బా మీద "ముందే సరిచేసినది" అని ఉన్నా చూడండి, రవాణాలో కింద పడి ఉండొచ్చు. కార్లలో ఎక్కువగా 0.8 నుంచి 1.1 మి.మీ. మధ్య ఉంటుంది. టర్బో ఇంజన్లకి ఇంకా తక్కువ ఉండొచ్చు. మీ అంకె పుస్తకంలోదే. ఫీలర్ రేకు రెండింటి మధ్య సన్నగా రాసుకుంటూ పోవాలి. నికెల్ ప్లగ్గులో తేడా ఉంటే పక్క కొక్కేన్ని మాత్రమే రవ్వంత వంచండి, నడిమి కడ్డీ మీద ఆనించి తన్నిపెట్టకండి. తగ్గించాలంటే చెక్క మీద మెల్లగా తట్టండి. ఇరిడియం ప్లగ్గులో ఖాళీ తప్పుగా ఉంటే మీరు సరిచేయకండి, షాపులో మార్చుకోండి. కింద గచ్చు మీద పడిన ప్లగ్గు వాడకండి, లోపల పింగాణీ చిట్లితే బయటికి కనిపించదు.

బిగించడం

ఇక నా ఘనకార్యం. మొదటిసారి మార్చినప్పుడు ఊడిపోతుందేమోనన్న భయంతో రెండు చేతులా రాచెట్ పట్టి బిగించాను. బండి బాగానే నడిచింది. మళ్లీ మార్చే రోజున విప్పుతుంటే ప్లగ్గుతో పాటు వెండి తీగలా చుట్టలు చుట్టలుగా ఏదో వచ్చింది. హెడ్ లోపలి మర అది. షెడ్డుకి లాక్కెళ్తే మేస్త్రి ఆ తీగని వేలికి చుట్టుకుని చూసి, "ఏటి మాస్టారూ, అలగ బిగించీసినారేటి? ఇది లారీ చక్రం నట్టు కాదు కదా" అన్నాడు. మర పెద్దది చేసి, అందులో స్టీలు చుట్ట కూర్చోబెట్టి బాగుచేశాడు. నాలుగు ప్లగ్గుల ఖర్చుకి ఎన్నో రెట్లు పోయింది.

కాబట్టి ఇలా చేయండి. రబ్బరు గొట్టాన్ని ప్లగ్గు నెత్తిన, వైరు తగిలే చోట తొడగండి. ఆ గొట్టం పట్టుకుని ప్లగ్గుని గుంతలోకి దింపి, ముందు ఎడమవైపుకి, అంటే విప్పే దిక్కుకి, మెల్లగా తిప్పండి. ఒకచోట టిక్కుమని మర కూర్చున్నట్టు తెలుస్తుంది. అక్కడి నుంచి కుడివైపుకి తిప్పండి. మర తిన్నగా ఎక్కితే గొట్టమే చివరిదాకా తీసుకెళ్తుంది. వంకరగా ఎక్కితే గొట్టం జారిపోతుంది, ప్లగ్గు తిరగదు. గొట్టం గొప్పతనం అదే, పాడుచేసేంత బలం దానికి లేదు. రెండుమూడు చుట్లయినా చేత్తో ఎక్కని ప్లగ్గుకి రాచెట్ తగిలించకండి.

చేతికి పూర్తిగా బిగుసుకున్నాక సాకెట్ పెట్టండి. వాషరున్న కొత్త 14 మి.మీ. ప్లగ్గు అల్యూమినియం హెడ్‌లో 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12 మి.మీ.ది 15 నుంచి 20, 10 మి.మీ.ది 10 నుంచి 12. పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే వాడండి. టార్క్ రెంచ్ లేకపోతే కొలత ఇది: చేతి బిగువు నుంచి అర చుట్టు, మహా అయితే మూడింట రెండు వంతులు. కొత్త వాషరు నలుగుతున్నప్పుడు మెత్తగా తిరిగి, తర్వాత ఒక్కసారి గట్టిపడినట్టు చేతికి తెలుస్తుంది. అక్కడ ఆగాలి. ఒకసారి వాడిన ప్లగ్గునే తిరిగి పెడుతుంటే వాషరు అప్పటికే నలిగి ఉంటుంది, దానికి పన్నెండో వంతు చుట్టు చాలు, అంటే గడియారం ముల్లు పన్నెండు నుంచి ఒంటిగంటకి వచ్చినంత. వాషరు లేకుండా ఏటవాలు అంచుతో కూర్చునే ప్లగ్గుకి పదహారో వంతు.

25 న్యూటన్ మీటర్లంటే ఎంతో తెలియాలంటే, పాతిక సెంటీమీటర్ల పిడి చివర పది కిలోల బియ్యం సంచి వేలాడదీసినంత. ఒక చెయ్యి చాలు. రెండో చెయ్యి జేబులో పెట్టుకోండి, నేను ఇప్పుడు నిజంగానే అలా చేస్తాను.

మరీ వదులుగా వదిలేసినా తప్పే. ప్లగ్గు వేడి హెడ్‌లోకి దిగేది ఆ వాషరు, మరల గుండానే. వదులైతే వేడి దిగదు, ముక్కు కాలిపోతుంది.

మరకి గ్రీజు రాయాలా అని అడుగుతారు. ఎన్‌జీకే వద్దంటుంది. ప్లగ్గు మరకి ఇప్పటికే పూత ఉంటుంది. గ్రీజు రాస్తే రెంచ్ 25 చూపించినా మర మీద పడేది అంతకంటే ఎక్కువ. కాయిల్ రబ్బరు లోపలి అంచుకి మాత్రం కరెంటు పారనివ్వని సిలికాన్ గ్రీజు కొద్దిగా రాస్తే తేమ చేరదు, మళ్లీ విప్పినప్పుడు సులువుగా వస్తుంది. చక్రాల బేరింగుకి వాడే గ్రీజు ఇక్కడ రాయకండి, రబ్బరు తినేస్తుంది.

కాయిల్‌ని నిటారుగా దింపి, ప్లగ్గు నెత్తిన కూర్చున్నట్టు తెలిశాక బోల్టు వేయండి. చిన్న బోల్టు అది, కాస్త బిగిస్తే చాలు. కనెక్టర్ టిక్కుమనేదాకా తోయండి. నాలుగూ అయ్యాక సాకెట్లు, గుడ్డలు, రబ్బరు గొట్టం లెక్కపెట్టండి. గాలి గొట్టంలో కుక్కిన గుడ్డ తీశారా?

స్టార్ట్ చేశాక

బ్యాటరీ వైరు తగిలించి స్టార్ట్ చేయండి. మొదటి నిమిషం ఐడిలింగ్ కాస్త అటూ ఇటూ ఉంటే, బ్యాటరీ తీసినందువల్ల కంప్యూటర్ మళ్లీ లెక్క సరిచేసుకుంటోందన్నమాట. అలాగే వణుకుతూ ఉంటే ఏదో కనెక్టర్ సగమే కూర్చుంది, ఆపి చూడండి. చుప్ చుప్ మని చిన్న చప్పుడు వస్తుంటే ఒక ప్లగ్గు వదులుగా ఉంది, చల్లారాకే బిగించండి. అన్నీ బాగుంటే పది కిలోమీటర్లు తోలి, ఒక ఎత్తు ఎక్కించి చూడండి. పాత కోడ్ ఉంటే స్కానర్‌తో చెరిపేయండి.

తేదీ, కిలోమీటర్లు, ప్లగ్గు నంబరు ఒక చీటీ మీద రాసి బానెట్ లోపల అతికించండి. పాతవాటిలో మంచిదొకటి కొత్త డబ్బాలో పెట్టి, సాకెట్‌తో పాటు డిక్కీలో ఉంచండి. నాది స్టెప్నీ పక్కన గుడ్డలో చుట్టి ఉంటుంది.